వల వాటా

చెక్క బీరువాలో జీరో వాట్ బల్బు వెలుగుతోంది. దాని పక్కనున్న లాప్‌టాప్‌ను లక్ష్మీకుమారి రెండు చేతులతో బయటికి తీసింది. లోపల తేమ చేరకుండా, ఆ వెచ్చదనం కోసం బల్బు రాత్రీ పగలూ వెలగాల్సిందే. పోర్ట్ బ్లెయిర్‌లోని ఈ హాడో రేవు ఉప్పుగాలికి ఇనుమే నిలవదు, లాప్‌టాప్ ఎంత. మొదటిది పద్నాలుగు నెలలకే తుప్పుపట్టి చచ్చిపోయాక ఆమె ఈ ఏర్పాటు చేసుకుంది. ఇప్పటిది ఆరేళ్లుగా బతికే ఉంది. మీటల మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. అయినా పరవాలేదు, ఆమె వేళ్లకు అవి కంఠతా వచ్చు.

ఆమెకు నలభై మూడేళ్లు. పొట్టి మనిషి, కూర్చుని కూర్చుని మెడ కాస్త ముందుకు వంగింది. కళ్లజోడు కాడ ఒకటి విరిగితే తండ్రి వలదారం చుట్టి బిగించాడు. కొత్తది కొనుక్కోమని అందరూ అంటారు. ఇదే గట్టిగా ఉందని ఆమె అంటుంది.

వీధిలో ఆమె పేరు కంప్యూటర్ దీదీ. ఆధార్ కార్డుకు ఫోటోకాపీ తీసిపెట్టమని వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ యంత్రం తన దగ్గర లేదని పదేళ్లుగా చెబుతూనే ఉంది, వాళ్లు వస్తూనే ఉన్నారు. నిజానికి ఆమె ప్రోగ్రాములు రాస్తుంది. ఎండుచేపల కొట్టుకు, రెండు లాడ్జీలకు, ఒక బడి బస్సులకు రాసిచ్చింది. ఎవరి దగ్గరా ఉద్యోగం లేదు. ఎవరికి పని కావాలంటే వాళ్లకి చేసి, తన ధర తనే చెప్పుకుంటుంది.

ఆ చెప్పుకోవడమే ఆమెకు రాదు. ఎన్ని రోజులు పడుతుందో లెక్కేస్తుంది, దాన్ని కూలితో హెచ్చవేస్తుంది, ఎదుటివాడు నోరు తెరవకముందే పదోవంతు తగ్గించేస్తుంది. పోర్ట్ బ్లెయిర్ మొత్తంలో తనతో తనే బేరమాడి ఓడిపోయే మనిషి ఆమె ఒక్కతే.

ఇవాళ పదకొండింటికి అబర్డీన్ బజార్‌లో యుగంధర్‌కు ధర చెప్పాలి. అతనికి టూరిస్టుల్ని దీవులకు తీసుకెళ్లే పడవలు మూడున్నాయి. టికెట్ల ప్రోగ్రాము కావాలన్నాడు. చెన్నై నుంచి ఎవరో నలభై వేలకు చేస్తామన్నారని ముందే చెవిన వేశాడు. రోజుల లెక్కకు అరవై వచ్చినా, ఆమె కాగితం మీద నలభై అయిదు అని రాసుకుంది. నలభైకి దిగడానికి అయిదు చాలనుకుంది.

అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో తండ్రి మల్లేశు ఎవరిదో చిరిగిన వల బాగుచేస్తున్నాడు. డెబ్బై తొమ్మిదేళ్లు. సముద్రం మీదికి వెళ్లక పదిహేనేళ్లయింది గానీ, చేతిలో వెదురు సూది లేకపోతే ఆయనకు తెల్లారదు.

"ఎంతని సెప్తావే, కుమారీ?"

"నలభై అయిదు వేలు, నాన్నా."

"దేనికి?"

"నలభై రోజుల పనికి."

ఆయన ముడి వేసి, దారం లాగి బిగించాడు. "అది మనిషి వాటా. మరి పడవ వాటా ఏదే? వల వాటా ఏదే?"

వేట నుంచి పడవ తిరిగొస్తే చేపల డబ్బు అలాగే పంచుతారు. వెళ్లిన ప్రతి మనిషికీ ఒక వాటా, పడవకు వాటా, వలకు వాటా. వల గలవాడు ఆ రోజు జ్వరంతో ఇంట్లో పడుకున్నా సరే, దాని వాటా ఇంటికి వస్తుంది. ఇది ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తన బల్లకీ కుర్చీకీ ఇది వర్తిస్తుందని మాత్రం ఎన్నడూ తోచలేదు.

"నాకు వలెక్కడిది, నాన్నా?"

"సిగ్నల్ పోయినా నీ పని ఆగదంట కదా. అది ఎవలు అల్లినారు?"

ఆమె చేతిలోని కాగితం వైపు చూసింది. ఒకప్పుడు ఈ దీవుల్లో ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరుచుకునేలోగా అన్నం ఉడికేది. అందుకని ఆమె ప్రోగ్రాముల్ని ముందు లాంగ్ నోట్‌బుక్కుల్లో పెన్సిల్‌తో రాసుకునేది. సిగ్నల్ పోయినా పని సాగాలి, పోయినంతసేపూ జరిగింది గుర్తుండాలి, వచ్చాక ఒకరి లెక్కలో ఇంకొకరిది కలవకూడదు. ఆ కిటుకు పట్టడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఇన్నాళ్లూ దాన్ని ప్రతివాడికీ ఉచితంగా ఇచ్చింది.

"గవరయ్య పడవలో ఏసిన వల నాను అల్లిందే" అన్నాడు ఆయన, వల మీంచి తల ఎత్తకుండా. "ఇరవై రెండేళ్లు. వల వాటా ఆయనే తీసుకున్నాడు. నాను అడగనేదు."

"ఎందుకడగలేదు?"

"సిగ్గేసింది."

ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. గవరయ్య మీద కోపమొచ్చింది, తండ్రి మీద వచ్చింది, చేతిలో ఉన్న కాగితం మీద అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. నలభై అయిదు కొట్టేసి, బస్సు కోసం బయల్దేరింది.

యుగంధర్ ఆఫీసు బ్యాగుల కొట్టు పై అంతస్తులో ఉంది. వెళ్లేసరికి సిగ్నల్ లేదు. గుమాస్తా చేత్తో టికెట్లు రాస్తున్నాడు. ఒకే సీటు అమ్ముడుపోయిన ఇద్దరు టూరిస్టులు అతని ముందు నిలబడి పోట్లాడుకుంటున్నారు. ఆమె లాప్‌టాప్ తెరిచి, నమూనాలో అదే సీటును రెండోసారి అమ్మడానికి ప్రయత్నించింది. ప్రోగ్రాము ఒప్పుకోలేదు. యుగంధర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఎంత, దీదీ?"

"లక్షా ఇరవై వేలు."

గొంతు వణికింది గానీ అంకె వణకలేదు. అతను నవ్వాడు. "అరే దీదీ, చెన్నై వాళ్లు నలభై అన్నారు. ఇదేం హిసాబు?"

"నా పనికి అరవై. ఈ మిషనుకీ కరెంటుకీ ఇరవై. సిగ్నల్ లేకపోయినా నడిచే భాగం ముందే నా దగ్గరుంది, దానికి నలభై."

"ముందే ఉందిగా, దానికి మళ్లీ పైసలెందుకు? ఆ నలభై కాట్ దో."

"సరే, తీసేస్తాను. దాంతోపాటు ఆ భాగం కూడా తీసేస్తాను."

ఆమె లాప్‌టాప్ మూసి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పదోవంతు తగ్గించే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి దాన్ని మింగేసింది. బయట టూరిస్టుల గొంతులు ఇంకా పెరిగాయి. యుగంధర్ అటు చూశాడు, ఫ్యాన్ వైపు చూశాడు, చివరికి ఆమె కళ్లజోడుకున్న దారం వైపు చూశాడు.

"ఠీక్ హై, దీదీ. మొదలుపెట్టండి."

ఆమె ఇల్లు చేరేసరికి మూడయింది. తండ్రి అదే కుర్చీలో ఉన్నాడు. చెప్పింది. ఆయన సూది ఆపాడు.

"మూడు వాటాలూ సెప్పినావా?"

"చెప్పాను."

"గట్టిగా?"

"గట్టిగానే."

"ఆయనకి సెప్పినట్టే నాకోసారి సెప్పు."

ఆమె అరుగు మీద నిలబడి, తండ్రిని యుగంధర్ అనుకుని, మొత్తం చెప్పింది. ఈసారి గొంతు కూడా వణకలేదు. ఆయన మిగిలిన నాలుగు పళ్లతోనూ నవ్వాడు. వీధిలో పోతున్న వాళ్లని పిలిచి మరీ, నా కూతురు వల వాటా తెచ్చిందని చెప్పాడు. వాళ్లకు అర్థమయిందో లేదో ఆయన చూసుకోలేదు. ఇరవై రెండేళ్ల వాటా ఆ పూట ఇంటికి వచ్చినట్టే ఉంది ఆ ముఖం. ఆమెకు గర్వంగా ఉంది, దాచుకోలేదు.

"టీ ఎట్టమ్మా" అన్నాడు.

అల్లం దంచి వేసి, చక్కెర కాస్త ఎక్కువే వేసి తెచ్చింది. ఆయన గడ్డం గుండె మీదికి వాలి ఉంది. వల ఒళ్లో ఉంది. నిద్ర అనుకుని గ్లాసు కింద పెట్టింది. చెయ్యి పట్టుకున్నాక తెలిసింది.

ఆయన పోయిన పన్నెండో రోజున వల యజమాని జోగులు మొహమాటంగా వచ్చాడు. మిగిలిన చిరుగు ఇంకెవరి చేతనైనా వేయించుకుంటానన్నాడు. ఆమె వల మడత పెట్టి ఇచ్చింది. సూదికీ వలకూ మధ్యనున్న దారాన్ని మాత్రం ముందే కత్తిరించింది.

ఆ మధ్యాహ్నం పని మొదలుపెడదామని ఆమె లాప్‌టాప్ బయటికి తీసింది. బీరువాలో ఆ చోట, ఉప్పుగాలి తగలకుండా, బల్బు వెచ్చదనానికి, సగం దారం చుట్టి ఉన్న వెదురు సూది ఉంది.