చింతపండుతో తోమిన గుండిగలు

కల్యాణమండపం మేనేజరు చెల్లదురై విరుదునగర్ నుంచి ఫోను చేసి ఒక్కటే మాట చెప్పాడు. శుక్రవారం ముహూర్తానికి వచ్చే స్టీలు గుండిగల మీద ఒక్క తుప్పు మచ్చ కనబడినా, ఇకమీదట సాత్తూరు వాళ్ళ సామాన్లే తెప్పిస్తాడట. పోయిన పెళ్ళిలో పెళ్ళికూతురి మేనమామ పాయసం గుండిగలోకి తొంగి చూసి, నలుగురిలో మొహం చిట్లించాడట.

కోవిల్‌పట్టిలో వంటసామాన్లు అద్దెకిచ్చే రాఘవేంద్రన్‌కు ఆ మండపమే ఆధారం. ఏడాదికి నలభై పెళ్ళిళ్ళు. అది పోతే మిగిలేవి చెవులు కుట్టే వేడుకలూ, చావు భోజనాలూ. వాటిని నమ్ముకుని వ్యాపారం చేయడమంటే ఎండమావిలో చేద వేయడమే.

గుండిగలు కొని ఎనిమిది నెలలైనా కాలేదు. మచ్చలున్నదాన్ని ఒకటి బస్సులో వేసుకుని విరుదునగర్ పోయి, అమ్మిన సుడలైమణి కొట్లో దించాడు. నాసిరకం అంటగట్టావని బజారంతా వినేలా దులిపాడు. ముసలి సుడలైమణి గుండిగ అంచు మడతలో వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నాడు.

"సాంబారు ఇంత పైదాకా పోస్తారా?" అని తమిళంలో అడిగాడు.

పోయరన్నాడు రాఘవేంద్రన్.

"మరి ఇక్కడికి ఉప్పూ పులుపూ ఎలా వచ్చాయి?"

ఇత్తడిని గీకితే కొత్త మెరుపు వస్తుందనీ, స్టీలుకు ఉన్నది పైన పలచటి పొర ఒక్కటేననీ, ఉప్పు నిలిచి ఉంటే ఆ పొరను తొలిచేస్తుందనీ ముసలాయన నిదానంగా చెప్పాడు. తోమడానికి సబ్బు, మెత్తటి పీచు, మంచినీళ్ళు, వెంటనే పొడిగుడ్డ. అంతే. కొట్లో ఉన్న నలుగురూ తననే చూస్తుంటే, రాఘవేంద్రన్ ఆ గుండిగను మళ్ళీ భుజాన వేసుకుని బస్సెక్కాడు.

దారి పొడుగునా తనను తాను తిట్టుకున్నాడు. తోమించేది సొంత అక్క అళగమ్మాళ్. ముప్పై ఏళ్ళు ఇత్తడి బిందెలను బంగారంలా మెరిపించిన చెయ్యి. చింతపండులో రాళ్ళుప్పు కలిపి పూసి, ఒక పూట నానబెట్టి తోమడం ఆమె పద్ధతి. ఇత్తడి పోయి స్టీలు వచ్చినా పద్ధతి మారలేదు. చూస్తూ కూడా తనకు తట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి పెరట్లో గుండిగలన్నీ చింతపండు పూతతో ఎండలో బోర్లించి ఉన్నాయి. మచ్చల మాట విని అక్క ఈసారి ఉప్పు రెండింతలు వేయించింది.

"కడగండి, ముందు కడిగేయండి" అని అరిచాడు. తోమే ఆడవాళ్ళు ఇద్దరూ అక్క మొహం చూశారు. కొట్లో విన్నదంతా అతను చెప్పాడు.

"ఆ కొట్టాయన ఎన్ని గిన్నెలు తోమినాడంట?" అంది అళగమ్మాళ్. "అమ్మేవానికి నోరుండాది, తోమేదానికి చెయ్యుండాది. నువ్వు ఎవురి మాట వింటావురా?"

రాఘవేంద్రన్ ఒక గుండిగ కడిగి, అక్క బొటనవేలు పట్టుకుని మచ్చ మీద రాయించాడు. గోరు గుంటలో తట్టుకుంది. ఇంకోచోట రాయించాడు. మళ్ళీ తట్టుకుంది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని, చింతపండు చట్టిని కాలవలో కుమ్మరించింది.

సాయంత్రానికి లెక్క తేలింది. ఇరవైలో ఏడు పనికిరావు. చెడ్డవాటిని మంచివాటి మధ్య ఇరికించి పంపే దారి ఒకటుంది, కానీ దొరికితే ఏడుతో పాటు పదమూడూ పోతాయి. రాఘవేంద్రన్ పళ్ళు కొరుక్కుంటూ చెల్లదురైకి ఫోను చేసి, తన దగ్గర పదమూడే ఉన్నాయనీ, మిగతావి సాత్తూరు నుంచి తెప్పించుకోమనీ చెప్పాడు. పోటీవాడికి తన చేత్తోనే తలుపు తీసినట్టయింది.

శుక్రవారం పదమూడింటి మీదా మచ్చ లేదు. చెల్లదురై ఒక్కొక్కటీ తిప్పి చూసి తల ఊపాడు. కానీ సాత్తూరు వాళ్ళవీ కొత్తవే, తళతళలాడుతున్నాయి. వచ్చే నెల సంగతి తర్వాత చూద్దామన్నాడు.

భోజనాలయ్యాక మండపం వెనక కొళాయి దగ్గర అక్క సబ్బుతో తోమిస్తోంది, తుడిపిస్తోంది. పక్కనే సాత్తూరు ఆడవాళ్ళు ఏడు గుండిగలకూ చింతపండూ ఉప్పూ పట్టించి, బోర్లించి కబుర్లలో పడ్డారు. చూడలేక రాఘవేంద్రన్ నోరు తెరవబోయాడు. అళగమ్మాళ్ అతని చొక్కా పట్టి లాగింది.

"మనకు ఏడు పోతేగానీ తెలవలా. వాళ్ళకు ఊరికే చెప్తావా? నువ్వేం యాపారం చేస్తావురా?"

రాఘవేంద్రన్ నోరు మూసుకున్నాడు. అవి గుంటలు పడడానికి ఎనిమిది నెలలు. అన్నాళ్ళూ మండపం చేజారకుండా చెల్లదురై చుట్టూ తిరగాలి.