ఏటి లోతు

డ్రైవరు చోఫెల్ హారన్ కొట్టగానే సామ్దుప్ లారీ మీది ఉన్ని మూటల మీంచి తాడు పట్టుకుని దిగాడు. ఎదురుగా ఏరు. మంచు కరిగి రాత్రికి రాత్రే పొంగింది.

"చూస్తావేంట్రా ముసలోడా, దిగు!" అన్నాడు చోఫెల్ స్టీరింగు వదలకుండా.

సామ్దుప్ గొర్రెతోలు అంగీని నడుము దాకా ఎగదోపి, కర్ర పట్టుకుని నీళ్లలోకి దిగాడు. బూట్లు విప్పితే అడుగున రాళ్లు కోస్తాయి. విప్పకపోతే రోజంతా తడి. విప్పలేదు. తొడల దాకా వచ్చిన నీళ్లు మొదట నిప్పులా కాల్చాయి. తర్వాత కాళ్లున్నాయో లేవో తెలియలేదు. అడుగు గట్టిగా తగిలిన చోట నిలబడి చెయ్యి ఊపాడు. లారీ అతన్ని రాసుకుంటూ, మొహాన నీళ్లు కొడుతూ దాటిపోయింది.

వయసులో ఉండగా అతను ఉప్పు మోసే జడలబర్రెల వెంట ఇదే టిబెట్ దారిన నడిచాడు. అప్పట్లో లోతు చూసే పని బర్రెలది. అవి ఆగితే మనుషులూ ఆగేవారు. లారీలొచ్చాక బర్రెల్ని మాంసానికి అమ్మేశారు, సామ్దుప్ లారీ ఎక్కాడు. పెళ్లాం లేదు, ఇల్లు లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు చక్రం కింద చెక్క పెట్టడం, మంచు పగలగొట్టి ఇంజనుకు నీళ్లు తేవడం, మూటల మీద పడుకోవడం. బతుకంతా అలాగే గడిచిపోయింది.

ఆవలి ఒడ్డున అతను ఎన్నడూ లేనిది క్యాబిను తలుపు తట్టాడు.

"బాబూ, కనుమ దాటేదాకా లోపల కూర్చుంటా. కాళ్లు తెలీటం లేదు."

చోఫెల్ పక్కన ఉన్ని వ్యాపారి రిగ్జిన్. అతని పక్కన, దుప్పటి మీద, ఎవరో పెద్దమనిషికి అమ్మబోయే జాతికుక్క పిల్ల.

"దాన్ని ఒళ్లో పెట్టుకో రిగ్జిన్, తాతకి చోటొస్తుంది" అన్నాడు చోఫెల్, అనాలి కాబట్టి.

"నా కొత్త అంగీ మీద ఉచ్చ పోస్తే? పైన అంత ఉన్ని ఉందిగా తాతా! గొర్రెకి ఎప్పుడైనా చలేసిందా?"

ఇద్దరూ నవ్వారు. సామ్దుప్ కూడా నవ్వాడు, నవ్వకపోతే కోపమొచ్చిందనుకుంటారని. మళ్లీ తాడు పట్టుకున్నాడు.

కనుమ మీద మంత్రాలు రాసిన జెండాలు గాలికి ఫెళఫెళా కొట్టుకుంటున్నాయి. "దేవతలకు జయం!" అని చోఫెల్ కిటికీలోంచి మంత్రాల కాగితాలు ఎగరేశాడు. సామ్దుప్ కూడా అరవబోయాడు. పెదవులు కదల్లేదు. దిగుడు మొదలయ్యేసరికి, చిత్రంగా, చలి పోయింది. ఒళ్లంతా వెచ్చబడి అంగీ విప్పేయాలనిపించింది. రొమ్ము దగ్గర ముడి విప్పుకుని, మూటల మధ్య ఒత్తిగిల్లి, కళ్లు మూసుకున్నాడు.

షిగాట్సే పట్నంలో ఉన్ని గోదాము ముందు చోఫెల్ రెండుసార్లు పిలిచాడు, ఒక గులకరాయి విసిరాడు, తిట్టుకుంటూ పైకెక్కాడు. భుజం కుదిపి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కొండ మీద పోయుంటే ఆచారం ప్రకారం అక్కడే రాబందులకి వదిలేవాళ్లం. ఊళ్లోకొచ్చి పోయాడు. ఇప్పుడు పోలీసులకి నేను చెప్పుకోవాలి."

"మూటలు తడిశాయేమో చూడు" అన్నాడు రిగ్జిన్ కిందినుంచి.

హమాలీలు చంకల కింద తాడు కట్టి సామ్దుప్‌ను దించారు. మోకాళ్లు ముడుచుకునే ఉన్నాయి, సాగలేదు. దించుతుంటే తెరుచుకున్న అంగీలోంచి ఏదో జారి మూటలు తూచే కాటా పక్కన పడింది. చోఫెల్ అప్పటికే గేటు దగ్గర పని కోసం కూర్చున్నవాళ్ల వైపు తిరిగి అరుస్తున్నాడు:

"ఏట్లో దిగడానికి భయం లేనోడు ఎవడైనా ఉన్నాడా?"

ఒకడు లేచాడు.

కాటా పక్కన పడింది చెక్క గిన్నె. ఏళ్ల తరబడి నాకి నాకి లోపల నున్నగా తేలింది. అడుగున బార్లీపిండి ముద్ద, సగం తిన్నది, గడ్డకట్టి ఉంది. దాని మీద నాలుగు వేళ్ల గుర్తులు.