గుంపెన కాళ్ల బల్ల

బస్సులో ఎవరో ఒకరు పక్కన కూర్చోక తప్పదు. అందుకే యాకమ్మ వీలైనప్పుడల్లా మానుకోటకు పోయి వచ్చేది. అక్కడ ఆమెకు పనేమీ లేదు. ఆడవాళ్లకు టికెట్ లేదు కనుక ఆధార్ కార్డు చూపించి ఎక్కేది, ఇద్దరు కూర్చునే సీట్లో కిటికీ వైపు జరిగేది. కురవిలో ఎవరో ఒకామె ఎక్కి, మూట ఒళ్లో పెట్టుకుని పక్కన కూలబడేది. ఆ భుజం ఈ భుజానికి తగిలేది. అంతే, అది చాలు. మానుకోట బస్టాండులో ఒక చాయ తాగి అదే బస్సులో తిరిగి వచ్చేది.

ఊళ్లో ఆమె పక్కన ఎవరూ కూర్చోరు. ఎందుకో అందరికీ తెలుసు. ఆమె పెనిమిటి బిక్షం ఊరికి పాడెలు కట్టేవాడు. అది అతని కులవృత్తి కాదు. ఒక చావింట్లో మగవాళ్లు చేతులు కట్టుకుని నిలబడితే చూడలేక గొడ్డలి పట్టుకున్నాడు, ఇక ఊరు అతన్ని పట్టుకుంది. పెండ్లి పందిళ్లకు పచ్చి గుంజలు పాతింది కూడా అతనే, నేరేడు కొమ్మలు కప్పింది కూడా అతనే. అది ఎవరికీ గుర్తులేదు. పాడె మాత్రం గుర్తుంది.

పోయిన వానకాలం బిక్షం చేనులో కుప్పకూలి పోయాడు. శవం వాకిట్లో ఉంది. పాడె కట్టేవాడే పోతే పాడె ఎవరు కట్టాలి? మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మధ్యాహ్నం దాటింది. యాకమ్మ లేచింది, కొంగు నడుముకు చుట్టింది, పచ్చి వెదురు నరికి తెచ్చి తనే కట్టింది. ఏండ్ల తరబడి అతనికి కర్ర అందించిన మనిషికి ముడి వేయడం రాదా? ఆడది మొగుని పాడె కట్టిందని ఊరు నోరు తెరిచింది. ఆ రోజు సిగ్గుపడాల్సింది ఊరు. పడలేదు. సిగ్గుకు బదులు ఆమె చేతులకు మైల అంటించి ఊరుకుంది.

అప్పటి నుంచి ఆమె గడపలోకి ఎవరూ రాలేదు. కలిసి నాట్లు వేసిన ఓదెమ్మ కూడా వాకిలి బయటే నిలబడి, రెండు మాటలు మాట్లాడి పోయేది.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు బస్టాపు షెడ్డు కూల్చారు. మళ్లీ కట్టలేదు. ఎవరూ అడగనూ లేదు. ఆడవాళ్లు ఎండలో నిలబడేవాళ్లు. ఓదెమ్మ మోకాళ్లు అరిగిపోయాయి, కరెంటు స్తంభం పట్టుకుని నిలబడేది. బస్సు ఉచితం చేశారు, నిలబడటం ముందు నుంచీ ఉచితమే.

ఎండాకాలం మొదట్లో కరెంటోళ్లు వచ్చి, తీగలకు తగులుతున్నాయని రోడ్డు పక్క గుంపెన కొమ్మలు, వేప కొమ్మలు నరికి పడేసి పోయారు. నరికిన చోట ఇంకా జిగురు కారుతోంది. యాకమ్మ వాటి ముందు చాలాసేపు నిలబడింది. పచ్చి కట్టె మాట వింటుంది, ఎండిన కట్టె ఎదురు మాట్లాడుతుంది అనేవాడు బిక్షం.

ఇక్కడ బల్ల ఉంటే ఆడవాళ్లు కూర్చుంటారు. కూర్చుంటే పక్కన తనూ కూర్చోవచ్చు. మానుకోట దాకా పోయే పని ఉండదు.

పంగలున్న గుంపెన కొమ్మలు నాలుగు ఏరింది. వాటిని కాళ్లుగా పాతి, పంగల్లో పొడుగాటి వేప కొమ్మలు పెట్టి, అడ్డంగా సన్నవి పరిచి కొబ్బరి తాడుతో బిగించింది. వీపు ఆనడానికి, విల్లులా వంగి పెరిగిన కొమ్మ ఒకటి దొరికింది. దాన్ని చెక్కలేదు, చెట్టు ఎట్ల వంచిందో అట్లనే పెట్టింది. ముగ్గురు కూర్చోవచ్చు.

తెల్లారి జనం వచ్చారు. చూశారు. బస్టాపులో చాయ కొట్టు నడిపే నగేశ్ వంగి తాడు పట్టి చూశాడు.

"పెద్దమ్మా, బల్ల మంచిగనే ఉన్నది గని, గీ ముడి యాడనో చూసినట్టున్నదే!"

"యాడ చూసినవ్ రా?"

"మా తాత పండుకొని పోయిండు గదా, దానికి. నలుగురం నాలుగు మూలలు పడితే లేస్తది గిది కూడా."

నవ్వులు. యాకమ్మ ఓదెమ్మ వైపు చూసింది.

"నువ్వన్న కూసోవే. మోకాళ్లు గుంజుతున్నయంటివి."

ఓదెమ్మ స్తంభం వదల్లేదు. "నాకు నిలబడుడే అలవాటైందే యాకమ్మా. ఇద్దరు కొడుకులున్నోళ్లం. ఏదన్న ఐతే ఎట్ల?"

ముడి తప్పా? సరే, ముడే లేకుండా చేస్తా అనుకుంది యాకమ్మ. బల్ల మొత్తం విప్పింది. తాళ్లు పొయ్యిలో వేసింది. పచ్చి కొమ్మల్లో ఉలితో రంధ్రాలు తొలిచి, బాగా ఎండిన చింతకట్టె మేకులు దిగ్గొట్టింది. పచ్చి కట్టె ఎండేకొద్దీ కుదించుకుని మేకును పట్టుకుంటుంది, ఇక గుంజినా రాదు. కాళ్లు కూడా పీకి, భూమిలో ఉండే భాగానికి బెరడు తీసింది. బెరడు ఉంటే గుంపెన ఊరుకోదు, వేరు పడుతుంది. మూడు కాళ్లకు తీసింది. నాలుగోదానికి వచ్చేసరికి సాయంత్రం బస్సు హారన్ వినబడింది. దిగేవాళ్లు చూసేసరికి బల్ల నిలబడి ఉండాలని తొందర. అట్లనే పాతేసింది.

బిక్షం ఉంటే ఒప్పుకునేవాడు కాదు.

ఎండాకాలం అంతా గడిచింది. ఎవరూ కూర్చోలేదు. కుక్క పడుకుంది. ఒకసారి కేసముద్రం పోయే లారీ డ్రైవర్ చాయ గ్లాసుతో వచ్చి కూర్చున్నాడు. యాకమ్మ ఇంట్లో నుంచి చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది. ఆమె వచ్చేలోపే నగేశ్ అతని చెవిలో ఏదో చెప్పాడు. డ్రైవర్ గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

మృగశిర కార్తెలో వాన పడింది. నాలుగో కాలు చిగురు వేసింది.

ముందు చూసింది ఓదెమ్మే. ఎర్రటి లేత చిగురు, బల్ల కింద నుంచి పైకి. "ఓ తల్లీ!" అని దండం పెట్టింది. మధ్యాహ్నానికి ఆ కాలికి పసుపు పూశారు. మరునాటికి కుంకుమ బొట్లు, రవిక గుడ్డ, వేపమండ. ఎండిన కట్టె ప్రాణం పోసుకుందట. పోశమ్మ వచ్చి కూర్చుందట. నగేశ్ చాయ కొట్టులో కొబ్బరికాయలు వెలిశాయి. నలుగురు మోసేదని నవ్వినవాడు ఇప్పుడు చెప్పులు విప్పి దూరంగా నిలబడుతున్నాడు.

యాకమ్మ పొద్దున బస్సు వేళకు వచ్చింది. జనం నిండుగా ఉన్నారు. అందరూ నిలబడే ఉన్నారు.

"పెద్దమ్మా, జర దూరముండు," అన్నాడు నగేశ్. "నువ్వు ముట్టొద్దు."

"నేను ముట్టకుంటే ఎవలు చేసిండ్రు రా దీన్ని?"

"అప్పుడు వేరే. ఇప్పుడు అమ్మ వచ్చింది."

"ఏ అమ్మ? బెరడు తియ్యలే నేను, తొందరల. గుంపెన కట్టె గుచ్చితే ఇగురదా? మీ చేన్ల కంచెలకు ఎన్ని లెవ్వు గిసొంటియి? వాటికి మొక్కుతున్నరా?"

"కంచె వేరు, గిది వేరు," అంది వెనకనుంచి ఎవరో.

యాకమ్మ కొంగుతో కుంకుమ తుడిచింది. రవిక గుడ్డ విప్పి మడిచి నగేశ్ చేతిలో పెట్టింది. చిగురు పట్టుకుని చటుక్కున విరిచింది. గుంపులో కెవ్వుమన్నారు. ఆమె బల్ల మధ్యలో కూర్చుంది. మేకులు ఎంత పట్టాయంటే బల్ల కిర్రుమని కూడా అనలేదు.

"కూసోండ్రి," అంది. "మీకోసమే చేసిన. ఓదెమ్మా, దా."

ఓదెమ్మ కండ్లలో నీళ్లు తిరిగాయి. స్తంభం వదిలి ఒక అడుగు వేసింది. మళ్లీ పట్టుకుంది.

"పాడె అన్నప్పుడన్న ఎన్నడో ఒకనాడు కూసుందామనుకున్ననే," అంది మెల్లగా. "గిప్పుడు దేవతైపాయె. గిప్పుడెట్ల కూసోను?"

బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కారు. చేతులు చాచి ఓదెమ్మను ఎవరో పైకి గుంజారు. కండక్టర్ తలుపు దగ్గర నుంచి అరిచాడు.

"మానుకోట, మానుకోట! ఏ అవ్వా, వస్తున్నవా లేదా?"

ఎక్కితే ఎవరో ఒకరు పక్కన కూర్చోక తప్పదు. యాకమ్మ లేవలేదు.

"రాను. పో."

బస్సు పోయింది. నగేశ్ కొట్టు వెనక్కు పోయాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. యాకమ్మ చేతిలో విరిగిన చిగురు జిగురు కారుతోంది, వేళ్లకు అంటుకుంది. చీరకు తుడుచుకుంది. పోలేదు.

కొంతసేపటికి తను మధ్యలో కూర్చున్నట్టు గమనించింది. జరిగి ఒక అంచుకు కూర్చుంది. పక్కన ఇద్దరికి చోటు ఉంది.