చిప్పు మీద ఎర్ర చుక్క

అనుమానం ముందు పుట్టి, బావ తర్వాత పుట్టాడని ఆ ఇంట్లో అందరూ అనుకునేదే. కొత్త చెప్పులు కొన్నా, రెండూ ఒక జతేనా అని ఇంటికొచ్చాక పక్కపక్కన పెట్టి చూసుకునే మనిషి. అలాంటి మనిషి చెవిలో విడిభాగాలమ్మే షాపువాడు ఓ మాట వేశాడు.

"మీ బామ్మర్ది మా ఎదురు రిపేరు షాపులో తెగ కనబడుతున్నాడు. ఏంటి సంగతి?"

అంతే, ఆ రోజు నుంచి బావకి ముద్ద దిగలేదు.

వాళ్ల పని ఇంట్లోనే, వెనక గదిలో. మిషన్లలో కాలిపోయిన బోర్డులకి బదులు కొత్తవి చేసిస్తారు. బావ కంప్యూటర్లో గీతలు గీసి, నున్నటి కాగితం మీద అచ్చువేసి, రాగిరేకు మీద పెట్టి ఇస్త్రీ చేస్తాడు. ఆ రేకుని మందునీళ్లలో ముంచితే అక్కర్లేని రాగి కరిగిపోయి గీతలు మిగులుతాయి. వాటి మీద బియ్యపు గింజంత చిప్పుల్ని, వెంట్రుకల్లాంటి కాళ్లతో సహా, సోల్డర్ పెట్టి అతికించేది మాత్రం బామ్మర్దే. సన్న పట్టకారుతో ఒకసారి పట్టుకున్నాడంటే వదలడు. అందుకే వాడి పేరే పట్టకారైపోయింది. వాడికి ఆ పని నేర్పింది బావే. ఇప్పుడు బావ చెయ్యి వణుకుతోంది. ఆ మాట ఎవరితోనూ అనడు గానీ, వాడు లేకపోతే ఆ గదికి తాళమేనని ఆయనకి తెలుసు.

పట్టకారు పనికి కూర్చుంటే తలుపు మూసి ఫ్యాన్ ఆపేస్తాడు. లేకపోతే గాలికి చిప్పులు ఎగిరిపోతాయి. ఇన్నేళ్లూ ఎరిగిన సంగతే, ఇప్పుడేమో తలుపెందుకు మూస్తున్నాడనిపించింది. ఫోనొస్తే వరండాలోకి పోయి, గొంతు తగ్గించి "ఇప్పుడు కాదండీ" అంటున్నాడు. ఏది కాదు? మరెప్పుడవుతుంది? దానికి తోడు ఈమధ్యే ఓ బోర్డు పనిచెయ్యక తిరిగొచ్చింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చనే. మంచి చిప్పులు ఎదురు షాపుకి చేరవేసి, మన బోర్డులకి పాత సరుకు అతికిస్తున్నాడని బావ తేల్చేసుకున్నాడు.

దొంగని పట్టాలంటే గుర్తు ఉండాలి కదా. భార్య గోళ్ల రంగు సీసా తీసి, గుండుసూదితో ఒక్కో చిప్పు మూల ఎర్ర చుక్క పెట్టాడు. చెయ్యి వణుకుతుంటే ఏ మూలని చూసుకుంటాడు? పడ్డ మూలే మూల అనుకున్నాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు కూడా.

మర్నాడు ఓ దర్జీ ఎంబ్రాయిడరీ మిషనుకి బోర్డు తయారైంది. పట్టకారు దాన్ని సీసాలోని మందుతో శుభ్రంగా తుడిచి తెచ్చి, "కరెంటిచ్చి చూడు బావా" అన్నాడు. ఇచ్చీ ఇవ్వగానే చిప్పు కమురుకంపు కొట్టింది. బావ భూతద్దం లాక్కుని చూశాడు. ఎర్ర చుక్క లేదు.

"ఇది నా చిప్పు కాదు. నాది ఎక్కడ అమ్ముకున్నావురా? తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే."

ఆ మాటకి వంటింట్లోంచి భార్య వచ్చింది. పట్టకారు మొహం పాలిపోయింది. బోర్డుని భూతద్దం కిందికి జరిపాడు.

"చిప్పు వెనక్కి తిరిగి కూర్చుంది. అందుకే కాలింది" అన్నాడు మెల్లగా. "కానీ చిప్పు మొదటి కాలు ఎటుందో కంపెనీవాడు పెట్టే చుక్క చూసే పెట్టాను బావా. మామూలుగా అది సూదిమొన గుంట, భూతద్దం లేనిదే కనబడదు. ఈసారి ఎర్రగా, స్పష్టంగా ఉంది. కంపెనీవాడికి మన కళ్ల మీద జాలి కలిగిందనుకున్నా. తుడిస్తే పోయింది, రంగు నాసిరకమనుకున్నా."

"ఎర్రగానా?" అంది భార్య. ఆమె చూపు తమ్ముడి చేతిలోని సీసా మీదికి పోయింది. బోర్డులు తుడవడానికి వాడు తెచ్చుకునేది ఆమె గోళ్ల రంగు వదలగొట్టే మందే. అక్కణ్ణుంచి ఆ చూపు భర్త బొటనవేలికి అంటిన ఎర్ర రంగు మీదికి వచ్చింది. "నా రంగు సీసా మూత తెరిచి ఎండబెట్టింది మీరేనా?"

బావ బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు. ఆయనకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"చుక్క నేనే పెట్టాను" అన్నాడు చివరికి.

ఎందుకని పట్టకారు అడగలేదు. అడగాల్సిన పని లేదు, కారణం ఇందాకే బావ నోటెంట వచ్చేసింది. వాడు కూర్చుని కాలిన చిప్పు ఊడదీశాడు. ఇంకో చిప్పు తీసి, దాని మీది ఎర్ర రంగు ముందు తుడిచేసి, అసలు గుర్తు వెతికి, ఊపిరి బిగబట్టి అతికించాడు. కరెంటిస్తే ఆకుపచ్చ లైటు వెలిగింది. ఎప్పటిలాగే పనిముట్లు తుడిచి, వాటి చోట వాటిని పెట్టాడు.

"విడిభాగాలకి వెళ్లినప్పుడల్లా ఎదురు షాపువాళ్లు నన్ను లోపలికి పిలిచి, ఎన్నాళ్లుగానో పనికి రమ్మంటున్నారు బావా. మా బావ చెయ్యి బాగోలేదు, ఇప్పుడు కాదండీ అంటూ వచ్చాను."

 చెయ్యి సంగతి వాడికి తెలుసని బావ ఎన్నడూ అనుకోలేదు.

"ఒరే, తొందరపడకు. నా మాట వినరా" అంది అక్క. వాడు అప్పటికే ఫోను తీశాడు. ఈసారి వరండాలోకి పోలేదు, గొంతూ తగ్గించలేదు.

"రేపట్నుంచి వస్తానండీ."

తలుపు తెరిచి, గడప దగ్గర ఆగి వెనక్కి చూశాడు.

"ఇక ఫ్యాన్ వేసుకోవచ్చు బావా."

వాడు వెళ్లిపోయాడు. ఆ మూసిన గదిలో ఇన్నాళ్లూ వాడు ఎంత ఉక్కలో కూర్చున్నాడో బావకి అప్పుడు తెలిసింది. ఒళ్లంతా చెమటలు కారుతున్నా, ఆయన స్విచ్చి జోలికి పోలేదు.