దాది వైపు సగం

నేను ఒక బొమ్మలో సగాన్ని. రెండో సగం పారిస్‌లో, బంగారు పూత చట్రంలో ఉంది.

పుట్టుక మాత్రం ఇద్దరిదీ ఒక్కటే. ఆ రోజుల్లో పాత గుడ్డలు నానబెట్టి, దంచి కాగితం చేసేవారు. దొరసాని పక్కదుప్పటీ వంటమనిషి మసిగుడ్డా ఒకే తొట్టిలో గుజ్జయ్యాయి. హోదాల సంగతి తొట్టికి తెలియదు.

పారిస్‌లో మదామ్ వెర్దియే అనే ఇల్లాలి భర్త బట్టల మిల్లు పెట్టి కొత్తగా పైకొచ్చినవాడు. పెద్ద వంశాల వారి ఇళ్లలోలాగే తమ గోడ మీదా కొడుకు బొమ్మ ఉండాలని ఆమె చిత్రకారుణ్ణి పిలిపించింది. కుర్చీలో కూర్చోబెడితే పిల్లవాడు ఒకటే ఏడుపు. దాది క్లోదీన్ ఎత్తుకుంటేనే ఊరుకున్నాడు.

క్లోదీన్ తన పసికూతురు సోలాంజ్‌ను మోర్వాన్ కొండల్లో అమ్మమ్మ దగ్గర వదిలి, ఈ బిడ్డకు పాలివ్వడానికి వచ్చింది. ఒళ్లోని పిల్లవాణ్ణి చూసి నవ్వింది. వాడూ నవ్వాడు. చిత్రకారుడి పెన్సిల్ ఇద్దరినీ గీసింది.

మదామ్ చూసి ముఖం చిట్లించింది. "బాబు బాగున్నాడు. ఈమె ఎందుకూ?"

"ఈమె లేకపోతే బాబు నవ్వడండీ."

"చూసినవాళ్లు ఈమే తల్లి అనుకుంటారు. తీసేయండి."

ఆ గొంతులో గర్వం కంటే భయమే ఎక్కువ వినిపించింది నాకు.

కత్తెర మా మధ్య నుంచి నడిచింది. చిత్రకారుడు నన్ను పారేయడానికి మనసొప్పక క్లోదీన్ చేతికిచ్చాడు. ఆమె నన్ను ఊరెళ్లే బండివాడితో తల్లికి పంపింది.

అమ్మమ్మ నన్ను గోడకు అంటించి, "చూడవే, మీ అమ్మ!" అంది. సోలాంజ్ 'అమ్మా' అని మొదట పిలిచింది నన్నే. తన రొట్టెలో ముక్క నా నోటికి పెట్టేది. నా గడ్డం గీత అలాగే చెరిగింది.

పిల్లకు నాలుగో ఏడు వచ్చాక క్లోదీన్ తిరిగొచ్చింది. సోలాంజ్ అమ్మమ్మ వెనక దాక్కుని, గోడనూ మనిషినీ మార్చి మార్చి చూసింది.

"మా అమ్మ నవ్వుతుంది. ఈమె ఏడుస్తోంది."

క్లోదీన్ నేల మీద కూలబడి, కళ్లు తుడుచుకోకుండానే నవ్వింది. అప్పుడు పిల్ల ఒక్కో అడుగే వేసుకుంటూ దగ్గరికొచ్చింది.

"బొమ్మలో ఎవర్ని చూసి నవ్వుతున్నావ్?"

క్లోదీన్ నా తెగిన అంచు వైపు ఒక్క క్షణం చూసింది.

"నిన్నే," అంది.

అబద్ధమని నేననలేను. పరాయి బిడ్డను ఎత్తుకున్న తల్లి మనసులో ఎవరున్నారో పెన్సిల్‌కేం తెలుసు? సోలాంజ్ నమ్మి, ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ నావైపు పెద్దగా చూడలేదు. నాకేం బాధ లేదు. అసలు మనిషి వచ్చేసింది.