బొట్టు పెట్టిన రిమోట్

నాకు ముక్కు మీద కోపమంటారు కెనడాలో మా సస్కటూన్ తెలుగువాళ్లు. ముక్కు మీదే అయితే ఎంత బాగుండును, రుమాలుతో తుడిచేసుకునేవాణ్ణి. నిజానికి నాది అరిచే కోపం కాదు, విసుగు. ఎవరేం అడిగినా ముందు ఒక నిట్టూర్పు విడుస్తాను, తర్వాత ఆ పని చేసిపెడతాను. చేసిపెడుతున్నాను కదా, నిట్టూర్పుదేముంది అనుకునేవాణ్ణి, మొన్న జనవరి దాకా.

మా ఆవిడ దమయంతికి గ్లకోమా. రెండేళ్లుగా వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియవు. అయినా వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో తడిమి చెప్పేస్తుంది, కాఫీ తనే కలుపుతుంది. తనంతట తాను చేసుకోలేనిది ఒక్కటే, పాటలు పెట్టుకోవడం. హాల్లో మా పాత సౌండ్ సిస్టమ్ ఉంది. ఆంప్లిఫైయర్, సీడీ ప్లేయర్, టీవీ, అన్నిటికీ కలిపి రెండు పెద్ద స్పీకర్లు, మూడు రిమోట్లు. ఆ మూడూ చేతికి ఒక్కలాగే తగులుతాయి. కీర్తనల సీడీ వినాలంటే ఒకదాంతో ఆంప్లిఫైయర్ ఆన్ చేసి సీడీకి మార్చాలి, ఇంకోదాంతో ప్లే నొక్కాలి. "ఏమండీ, కాస్త పెడతారా?" అనేది. నేను నిట్టూర్చి పెట్టేవాణ్ణి. మా అమ్మాయి విద్య మాంట్రియల్ నుంచి, చెప్పిన మాట వినే స్పీకర్ ఒకటి పంపింది. దమయంతి కీర్తన అడిగితే అది ఎడ్మంటన్‌లో మంచు ఎంత పడుతుందో చెప్పింది. దాన్ని అటకెక్కించాం.

ఆ రోజు బయట మైనస్ ముప్ఫై రెండు. చలికాలంలో మా రిటైర్డ్ బ్యాచ్ అంతా మాల్‌లోనే వాకింగ్ చేస్తాం. దమయంతికి సీడీ పెట్టి నేనూ వెళ్లాను. కోదండరామ్ గారు కాఫీకి లాక్కెళ్లడంతో ఆలస్యమైంది. తిరిగొచ్చేసరికి హాల్లో ఎవరో ఆడమనిషి, నేల తుడిచే మాప్ గురించి ఇంగ్లిష్‌లో గొంతు చించుకుంటోంది. దమయంతి చేతులు ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చుని ఉంది.

"ఏంటిది?" అన్నాను.

"సీడీ అయిపోయింది. మళ్లీ పెట్టుకుందామని ఏదో నొక్కితే టీవీ వచ్చింది. ఆపడం తెలీలేదు."

"ఎంతసేపైంది?"

"రెండు గంటలై ఉంటుంది. మాప్ మంచిదేనండీ. చేత్తో పిండక్కర్లేదట."

నాకు నవ్వొచ్చింది. "ఫోన్ చెయ్యకపోయావా? వచ్చేసేవాణ్ణిగా."

"చేస్తే మీరు నిట్టూరుస్తారుగా" అంది.

నిష్ఠూరంగా కూడా అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు అంది. నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. రెండు గంటలు మాప్ సంగతులు వినడం కంటే నా నిట్టూర్పు వినడమే కష్టంగా ఉందన్నమాట ఈ మనిషికి. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే వెళ్లి, మూడింటి పనీ ఒక్కటే చేసే యూనివర్సల్ రిమోట్ కొన్నాను. దానికి మన యంత్రాల కోడ్‌లు నేర్పాలి. టీవీ కోడ్ దాంతో వచ్చిన కాగితంలో దొరికింది. ఆంప్లిఫైయర్ కంపెనీ ఎప్పుడో మూతపడింది, దాని పేరే ఆ చిట్టాలో లేదు. అలాంటప్పుడు వెతుక్కోవాలట. పాట నడుస్తుండగా రిమోట్ అటు గురిపెట్టి పవర్ బటన్ నొక్కుతూ పోవాలి. ఒక్కో నొక్కుకీ ఒక్కో కోడ్ వెళ్తుంది. ఎక్కడ పాట ఆగితే అదే దాని కోడ్. అప్పుడు వేరే బటన్‌తో దాన్ని ఖాయం చెయ్యాలి. ఒక్క నొక్కు ఎక్కువైందా, మళ్లీ మొదటికే.

నేను టకటకా నొక్కుకుంటూ పోయాను. పాట ఆగిందని బుర్రకెక్కేసరికి ఇంకో రెండు నొక్కేశాను. మళ్లీ మొదలు. మళ్లీ అంతే. మూడోసారి రిమోట్‌ని సోఫా మీదికి విసిరేశాను.

దమయంతి తడుముకుని దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. "నేను ఊఁ కొడతాను. నేను ఊఁ అన్నాకే నొక్కండి."

నొక్కాను. రెండు క్షణాలు ఆగి "ఊఁ" అంది. మళ్లీ నొక్కాను. "ఊఁ." కథ వింటున్నట్టు ఓపిగ్గా కొట్టింది. వింటూంటే నాకు ఎనభై ఐదు నాటి మా బేస్‌మెంట్ గది గుర్తొచ్చింది. ఇక్కడి చవుడు నేలల మీద నా పీహెచ్‌డీ థీసిస్. రెండు వందల పద్నాలుగు పేజీలు. నా దస్తూరి నాకే అర్థం కాదు. దమయంతి కాకినాడలో టైపు లోయర్, హయ్యర్ రెండూ పాసైన మనిషి. అద్దె టైప్‌రైటర్ మీద, మా ప్రొఫెసర్ దిద్దినప్పుడల్లా కొట్టి, మొత్తం నాలుగుసార్లు కొట్టింది. చంకలో ఆరునెలల విద్య. ఒక్కసారైనా నిట్టూర్చిందా? గుర్తుచేసుకోబోయాను. లేదు.

నూట ముప్ఫై ఏడో నొక్కుకి ఊఁ రాలేదు.

"ఆగింది" అంది దమయంతి. ఖాయం చేసేశాను.

సీడీ ప్లేయర్‌కి కూడా అలాగే వెతికాం. ఒకే బటన్ నొక్కితే ఆంప్లిఫైయర్ సీడీకి మారి పాట మొదలయ్యేలా కలిపాను. తీరా చూస్తే రిమోట్ మీద నలభై బటన్లు, అన్నీ నున్నగానే ఉన్నాయి.

"ఇందులో నీ బటన్ నీకెలా తెలుస్తుంది?" అన్నాను నీరసంగా.

"టైపు నేను చూసి కొట్టానా ఏంటి? మా మేష్టారు కీల మీద అట్టముక్క అడ్డం పెట్టేవారు. వేలు ఆనించుకోవడానికి గుర్తుంటే చాలు. నా బొట్ల ప్యాకెట్ తెండి."

పాటకి పెద్ద గుండ్రటి బొట్టు. ఆపడానికి నిలువు బొట్టు. సౌండ్ పెంచడానికీ తగ్గించడానికీ రెండు చిన్న బొట్లు. నేను వేలు పట్టి చూపించిన చోటల్లా తనే అతికించింది. మెత్తటి మఖమల్ బొట్లు, వేలికి ఇట్టే తెలుస్తాయి. రిమోట్ పెళ్లికూతురిలా తయారైంది.

నాలుగు రోజుల తర్వాత వాకింగ్ నుంచి వచ్చి తాళం తియ్యబోతుంటే లోపల్నుంచి కీర్తన వినిపించింది. అది అయిపోయింది. కాసేపటికి మళ్లీ అదే మొదలైంది, ఈసారి ఇంకా గట్టిగా. కనుబొమ్మల మీద మంచు పేరుకుంటున్నా అక్కడే నిలబడి విన్నాను. ఆవిడ నన్ను పిలవలేదు. నాతో పనే పడలేదు. అంత సంతోషం నాకు డాక్టరేట్ వచ్చినరోజు కూడా కలగలేదు.

లోపలికెళ్లి బూట్లు విప్పి, అలమారలోంచి థీసిస్ తీశాను. కృతజ్ఞతల పేజీలో మా ప్రొఫెసర్ ఉన్నారు, డిపార్ట్‌మెంట్ ఉంది, ల్యాబ్ అసిస్టెంట్ ఉన్నాడు, మట్టి బస్తాలు మోసిన ట్రక్కు డ్రైవర్ కూడా ఉన్నాడు. దమయంతి లేదు. తన పేరు లేని ఆ పేజీని కూడా తనే నాలుగుసార్లు కొట్టింది. పెన్ను తీసి అడుగున రాశాను. వెళ్లి తన పక్కన కూర్చుని చదివాను.

"నా భార్య దమయంతికి. ఈ పుస్తకంలో ప్రతి అక్షరం ఆమె వేళ్లదే. ఈ మాట అప్పుడే రాయాల్సింది."

దమయంతి పేజీ మీద చెయ్యి వేసి నవ్వింది. "పెన్నుతో రాశారా? మీ దస్తూరి చదవగలిగింది నేనొక్కదాన్నే. నాకేమో కళ్లు పోయాయి. ఇంకెవరు చదువుతారండీ?"

"నేను చదువుతాను. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు."

"నిట్టూర్చకుండా?"

"నిట్టూర్చకుండా."

రిమోట్ మీద వేలితో చిన్న బొట్టు వెతుక్కుని పాట సౌండ్ తగ్గించింది.

"అయితే మళ్లీ చదవండి" అంది.