ఆరు పంచె ముక్కలు

నాలుగో హోల్ దగ్గర మొదలైన వాన ఏడో హోల్ దగ్గరికి వచ్చేసరికి కుండపోతగా మారింది. అయినా హరిచందన అరచేతులు మాత్రం అప్పుడే పౌడరు రాసుకున్నంత పొడిగా ఉన్నాయి! వానలో గోల్ఫ్ ఆడాలంటే ఒళ్ళు తడవకుండా చూసుకోవడం కాదు, చేతులు తడవకుండా చూసుకోవాలి. ఒళ్ళు ఎలాగూ తడుస్తుంది. భుజాలు తిరగడానికి వీలుగా ఒక సైజు పెద్దది కొనుక్కున్న రెయిన్ కోటులోకి మెడ దగ్గర నుంచో మణికట్టు దగ్గర నుంచో నీళ్ళు దారి చూసుకుంటూనే ఉంటాయి. కానీ స్టిక్ పట్టుకునే చోట ఒక్క చుక్క చేరిందా, ఇక అంతే సంగతులు.

అందుకే ఆమె దగ్గర ఆరు పంచె ముక్కలున్నాయి. రామచంద్రపురంలో బట్టల కొట్టు నడిపే వాళ్ళ నాన్న జగన్నాథరావు ఏళ్ళ తరబడి కట్టి కట్టి, ఉతికి ఉతికి, అవతలి వెలుతురు కనిపించేంత పలచబడిన పంచె అది. దాన్ని ముక్కలు చేసి ఒక్కోదాన్ని ఒక్కో జిప్ కవర్లో పెట్టుకుంది. ఒకటి గొడుగు లోపలి ఊచకి వేలాడదీసి, బంతిని కొట్టే ముందు దాంతో స్టిక్ పట్టు తుడుచుకుంటుంది. అది తడవగానే ఇంకోటి తీస్తుంది. ఇంకా మూడు పొడి ముక్కలు మిగిలాయి, తొమ్మిది హోళ్ళ ఆటలో ఇది కాక రెండే రెండు హోళ్ళు మిగిలాయి, గెలిచిన హోళ్ళ లెక్కలో ఆమె ఒకటి ముందుంది!

ఈ మ్యాచ్ గెలిచినవాళ్ళకే విశాఖపట్నంలో రాష్ట్ర పోటీలకి వెళ్ళే సీటు. క్లబ్బు నుంచి ఒక్కరే వెళ్తారు. పొద్దున ఇడ్లీ తింటుంటే నాన్న కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. "ఈసారి సీటు వచ్చిందా సరే. రాలేదా, ఆ స్టిక్కులు అటకెక్కించి వచ్చి కొట్లో కూర్చో. ఇరవై మూడేళ్ళొచ్చాయి, ఇంకా ఎన్నాళ్ళమ్మా ఈ గడ్డిలో తిరగడం?"

ఆమె మీద ఆడుతున్నది ఎవరో కాదు, మేనత్త కొడుకు శశిభూషణ్. రాజమండ్రిలో ఉంటాడు. వస్తువు ఏదైనా కొత్తది తప్ప ముట్టుకోడు. పొద్దున మొదటి హోల్ దగ్గర పంచె ముక్కలు చూసి పడీ పడీ నవ్వాడు.

"ఏంటి మరదలా, మా మావయ్య పంచె ఊడదీసుకొచ్చేశావా? పాపం, ఇంట్లో దేంతో తిరుగుతున్నాడో!"

"నీకు డజను కొత్త తువ్వాళ్ళు ఇచ్చాడుగా మీ మావయ్య. నీకెందుకు బావా నా పాత గుడ్డల గొడవ?" అని అప్పుడు ఆమె కూడా నవ్వింది.

గొడుగేసుకుని స్కోరు రాస్తూ వెనకే నడుస్తున్న పెద్దాయన కుక్కుటేశ్వరరావు గారు. కడియంలో ఆయన నర్సరీ పెద్దది. లాన్ గడ్డి పెంచీ పెంచీ చివరికి పాతిక ఎకరాల్లో ఈ చిన్న గోల్ఫ్ కోర్సు వేశారు. కోర్సు ఆయనది, రూలూ ఆయనదే. పిడుగులు పడితే తప్ప ఆట ఆపకూడదు, షెడ్డు కిందికి వెళ్ళినవాళ్ళు ఓడినట్టే. "మొక్కలకి లేని గొడుగు మీకెందుకండీ?" అంటారు, తను మాత్రం గొడుగు దించకుండా.

ఏడో హోల్ దగ్గర శశిభూషణ్ బలంగా ఊపాడు. బంతి కదల్లేదు, చేతిలో స్టిక్ జారిపోయింది. గిరగిరా తిరుగుతూ వెళ్ళి కాగితంపూల కుండీల మీద పడింది. నాలుగు కుండీలు భళ్ళున పగిలాయి.

"చూసుకోండి బాబూ! రేపు లారీ ఎక్కాల్సిన మొక్కలవి!" అని అరిచారు కుక్కుటేశ్వరరావు గారు.

ఎనిమిదో హోల్ పంటకాలువ గట్టు పక్కనే ఉంది. ఏడోది ఎలాగో సమం చేసుకున్న శశిభూషణ్ అక్కడ నిలబడి పదో తువ్వాలు తీశాడు. రుద్దాడు. ఇంకా రుద్దాడు. తువ్వాలు మీద నీళ్ళు ముత్యాల్లా దొర్లుతున్నాయి తప్ప లోపలికి పోవడం లేదు.

"చందూ, ఒక్క గుడ్డముక్క ఇవ్వు."

"ఇవ్వను."

"ఒక్కటేనే. ఇవి తుడవట్లేదు. రుద్దినకొద్దీ జారుతోంది."

"అది గంజి బావా. కొత్త బట్టకి ఉంటుంది. రెండుసార్లు ఉతికితే పోయేది."

అతను తల ఎత్తాడు. "నీకు పొద్దున్నే తెలుసా?"

"బట్టల కొట్టువాళ్ళ పిల్లని. తెలీకుండా ఎలా ఉంటుంది?"

శశిభూషణ్ తువ్వాలు విసిరికొట్టాడు. మూడంగల్లో వచ్చి ఆమె బ్యాగుని కాలితో తన్నాడు. స్టిక్కులు గలగలమంటూ బురదలో పడ్డాయి. జిప్ కవర్లు మూడూ ఏరి, ఒక్కొక్కటే చింపి, నాన్న పంచె ముక్కల్ని ఎర్రగా పొంగుతున్న కాలువలోకి విసిరేశాడు.

హరిచందన చేతిలో గొడుగు ఉంది. మూసింది. రెండు చేతులతో పట్టుకుని అతని మొహం మీద కొట్టింది. ఊచ విరిగి బుగ్గ చెవి దాకా చీరుకుపోయింది, వాన ఆ నెత్తుటిని అప్పటికప్పుడే తెల్ల కాలరు మీదికి కడిగేసింది. అతను గావుకేక పెట్టి ఆమె జుట్టు పట్టుకుని నేలకేసి కొట్టాడు. నోట్లోకి బురద పోయింది. ఊపిరందలేదు. మోకాళ్ళ మీద లేవబోతే వీపు మీద తన్నాడు.

"ఆపండి! అన్నాచెల్లెళ్ళ పిల్లలు కాదటర్రా మీరు!" అంటూ కుక్కుటేశ్వరరావు గారు మధ్యలోకి వచ్చారు. శశిభూషణ్ ఒక్క తోపు తోశాడు. పెద్దాయన గట్టు పక్కనున్న మొక్కల కుండీల్లో బోర్లా పడ్డారు, నుదురు పగిలింది. ఇక్కడ ఆగి ఉండొచ్చు. ఆగలేదు. స్టిక్ అందుకోబోతున్న హరిచందన ఎడమ చేతిని అతను బూటుతో తొక్కాడు. అడుగున ఇనుప మేకులున్న గోల్ఫ్ బూటు! రెండు వేళ్ళు పటుక్కుమన్నాయి. ఆ చప్పుడు ఆమె చెవులతో కాదు, ఎముకలతో విన్నది.

కుడిచేతికి బరువైన ఇనుప తల ఉన్న స్టిక్ ఒకటి తగిలింది. పడుకున్నచోటు నుంచే తిప్పి కొట్టింది. మోకాలికి తగిలింది. అతను కూలబడ్డాడు.

ఆమె లేచి నిలబడింది. అతను బురదలో పడి, మోకాలు పట్టుకుని, ఇంకో చెయ్యి పైకెత్తాడు.

"వద్దే చందూ. వద్దు. అయిపోయింది, వద్దు."

అయిపోలేదు. ఇంకా రెండు హోళ్ళున్నాయి. గుడ్డ లేదు, గొడుగు లేదు, రెండు వేళ్ళు లేవు. వీడు లేచి కుంటుకుంటూ ఆడినా గెలుస్తాడు. లేవకపోతే సీటు తనది. ఇదంతా ఆమె బుర్రలో ఎంత నిదానంగా, ఎంత శుభ్రంగా నడిచిందంటే, చుట్టూ వాన పడుతున్న సంగతే మర్చిపోయింది. అదే మోకాలు చూసుకుని మళ్ళీ కొట్టింది.

ఆ అరుపుకి అవతల మొక్కలు సర్దుతున్న మహాలక్ష్మమ్మ వానకి తలమీద కప్పుకున్న యూరియా సంచితోనే పరిగెత్తుకొచ్చింది, వెనకాల ఇంకో నలుగురు కూలీలు. మహాలక్ష్మమ్మ ఆమెని నడుం పట్టి ఎత్తి అవతల పడేసింది. "సాలమ్మా! సంపేత్తావా ఏంటి బాబుని!"

శశిభూషణ్‌ని మొక్కలు మోసే తోపుడుబండి మీద పడుకోబెట్టారు. కుక్కుటేశ్వరరావు గారు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచి, తడిసి ముద్దైన స్కోరు కాగితం జేబులోంచి తీశారు.

"అబ్బాయి నడవలేడు. గెలుపు నీదేనమ్మా."

"సీటు రాయండి." ఆమె పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"రాస్తాను. మోకాలి మీద మొదటి దెబ్బ చూశాను, అది తప్పదు. రెండోది కూడా చూశాను. అదెందుకమ్మా?"

మీదికి రాబోయాడండి అంటే సరిపోయేది. వానలో పెద్దాయనకి ఏం కనపడి ఉంటుంది? కళ్ళజోడు కూడా కుండీల్లోనే పడిపోయింది. ఆ మాట నాలుక దాకా వచ్చింది.

"సీటు కోసమండి," అంది. "లేస్తే ఆడతాడని."

ఆయన పెన్నుకి మూత పెట్టేశారు.

"నేను గెలిచానండి! మీరే అన్నారు! నేను గెలిచాను!"

"గెలిచావు. పంపను. ఈ ఏడాది ఇక్కణ్ణుంచి ఎవరూ వెళ్ళరు."

ఆమె ఆయన మీదికి వెళ్ళబోయింది. మహాలక్ష్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది హరిచందన, విరిగిన వేళ్ళ కోసం కాదు.

కడియం నుంచి రాజమండ్రి ఆసుపత్రికి ఇద్దరినీ ఒకే ట్రక్ ఆటోలో ఎక్కించారు. వెనకాల రేకు మీద అతను కాలు చాపుకుని పడుకున్నాడు, ఆమె ఎదురుగా ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పైన కట్టిన టార్పాలిన్ చిల్లుల్లోంచి ఇద్దరి మీదా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. 

"ఇచ్చారా సీటు?" అన్నాడు శశిభూషణ్, కళ్ళు తెరవకుండానే.

"లేదు."

అతను నవ్వబోయాడు. బుగ్గ చీరుకుపోవడంతో నవ్వు మూలుగైంది.

కళ్ళలోకి కారుతున్న నీళ్ళు తుడుచుకుందామని ఆమె కుడిచెయ్యి పైకెత్తింది. శశిభూషణ్ ఉలిక్కిపడి రెండు చేతులూ మోకాలి మీద అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె చెయ్యి దించేసింది. నీళ్ళు అలాగే కారనిచ్చింది.